విడి గరిటె

బ్రెడ్డు బయటి తిండి అవునా కాదా అన్న వాదన మేం రైలెక్కినప్పుడు మొదలై, కొత్త ఊళ్ళో సామాను మేడ మీదికి చేర్చి, అద్దె గదుల నేల కడుగుతున్నప్పుడు కూడా నడుస్తూనే ఉంది.

"బ్రెడ్డు వండరమ్మా, కాలుస్తారు," అన్నారు మావారు, బకెట్టు పట్టుకుని గుమ్మంలో నిలబడి.

"కాల్చడానికి పొయ్యి అక్కర్లేదా?" అన్నారు అత్తగారు. సామానులో అన్నిటికన్నా ముందు పైకొచ్చింది ఆవిడ కుర్చీ. నేల తడిగా ఉందని కాళ్ళు రెండూ పైకి ముడుచుకుని అందులో కూర్చున్నారు.

"పొయ్యి ఉంటుందనుకో. గరిటె అయితే పెట్టరుగా."

"పిండి పిసికిన చేత్తో అంతకుముందు ఏం పిసికాడో నీకు చెప్పాడా?"

"మరి బిస్కెట్టో, నానమ్మా?" అంది మా అమ్మాయి చిన్ని. నవ్వాపుకుంటోందని గొంతులోనే తెలుస్తోంది.

"బిస్కెట్లు మిషన్లు చేస్తాయి. మిషన్లు మాంసం తినవు."

ఈ వాదనలో నన్నెవరూ అడగలేదు. బ్రెడ్డు గెలిచినా ఓడినా ఆ పూట అన్నం వండాల్సింది నేనే కాబట్టి నేనూ కలగజేసుకోలేదు. గుడ్డ పిండుకుని గది మూల తుడుస్తూ ఉండిపోయాను.

మావారు మిల్లుల్లో బాయిలర్లు బిగించే కంపెనీలో ఫిట్టరు. వానాకాలంలో మిల్లు ఆపి, బాయిలరు విప్పి, బాగుచేసి మళ్ళీ బిగిస్తారు. అంతకుముందు ఏడాది ఆయన ఒక్కరే వెళ్ళారు. మాంసం లేనిది దొరికితే తిని, దొరక్కపోతే టీ తాగి పడుకుని, కడుపులో పుండు తెచ్చుకుని, ఎవరూ తెలియని ఊళ్ళో ఆసుపత్రి పాలయ్యారు. తిరిగొచ్చాక ఆయన వాళ్ళమ్మతో, "మంచినీళ్ళు కావాలంటే గోడతో చెప్పుకున్నానమ్మా," అన్నారు. ఆ మాటకి నాకూ కళ్ళు తడిశాయి. అత్తగారు ఆ రోజే తేల్చేశారు, ఇకమీద ఇల్లంతా ఆయన వెంటే వెళ్తుందని. ఇల్లంటే వంటిల్లు. వంటిల్లంటే నేను.

"ఈ ఒక్క సీజనేగా," అన్నారు మావారు. నేను వీధిలో పిల్లలకు లెక్కలు చెప్పేదాన్ని. వాళ్ళని ఇంకొకావిడకి అప్పజెప్పాను. తొమ్మిదో తరగతి చదవాల్సిన చిన్ని, ఇంటిదగ్గరే చదువుకుని పరీక్ష రాసేటట్టు పేరు రాయించుకుంది. ఒక్క సీజనేగా అని నేనూ అనుకున్నాను.

ఆ ఇంట్లో వంటగది అంటే డాబా మీదికి వెళ్ళే మెట్ల కింద సందు. నిటారుగా నిలబడితే తల మెట్టుకి తగిలేది. అందుకని కాస్త వంగి వండేదాన్ని. సాయంత్రానికి మెడ పట్టేసేది. కిటికీ అనబడే దాంట్లోంచి చూస్తే ఎదురుగా వాననీటి గొట్టం, దాని వెనక పాకుడు పట్టిన గోడ. వాన ఆగేది కాదు. ఉతికిన చీరలు ఆరేవి కావు; గదికి అడ్డంగా కట్టిన తాడు మీద వేలాడుతూ, మనిషి అటూ ఇటూ తిరిగితే చెంపలకి చల్లగా తగిలేవి. పప్పు ఉడికిన ఆవిరి ఎటూ పోలేక గోడలకి పట్టి, చుక్కలు కట్టి జారేది.

పొద్దున టిఫిను, మధ్యాహ్నానికి క్యారియరు, మూడింటికి అత్తగారికి పలహారం, రాత్రికి మళ్ళీ అన్నం. మధ్యలో గిన్నెలు. నేను ఆ ఊరికి వచ్చానని నాకు గుర్తుచేసేది క్యారియరు ఒక్కటే. మధ్యాహ్నం గొడుగు వేసుకుని మిల్లు గేటుదాకా వెళ్ళి అది ఇచ్చొచ్చేదాన్ని. దారిలో బజారు.

ఆ బజారులో కూరలు నాకు తెలిసినవి సగమే. మిగతా సగాన్ని ఊరికే చూసుకుంటూ పోయేదాన్ని. ఊదా రంగు దుంపలు, పైన చేతివేళ్ళలా చీలినవి. గోరంత పుల్ల కాయలు. దారాలకి గుచ్చి ఎండబెట్టిన పుట్టగొడుగులు. మొదటి వారంలోనే ఒకరోజు, నీళ్ళు చల్లి నిగనిగలాడుతున్న ఆకుకూర కట్టలు చూసి ముచ్చటపడి కొన్నాను. పప్పులో వేశాను. అత్తగారు మారు వడ్డించుకున్నారు. మావారు వేళ్ళు నాక్కుని, "ఈ ఊళ్ళో ఆకుకి రుచుందోయ్," అన్నారు. మర్నాడు మళ్ళీ అదే కట్టలు పట్టుకుని మెట్లెక్కుతుంటే కింది ఇంటావిడ ఆపింది.

ఆవిడే మా ఇంటి ఓనరు. కింద మిల్లు పనివాళ్ళకి భోజనాల హోటలు నడిపేది. బొద్దుగా, గట్టి గొంతుతో, ఎప్పుడూ చేతిలో తడిగుడ్డతో ఉండేది.

"చెల్లీ, మేకల్ని పెంచుతున్నారా ఏంటి పైన?"

"లేదక్కా. ఏం?"

"అది మేకలకేసే మేత. మనుషులు తినరు."

పైకెళ్ళి చెప్పాను. చిన్ని పుస్తకం మొహం మీద బోర్లించుకుని పడీ పడీ నవ్వింది. మావారు కడుపు పట్టుకుని చూసుకున్నారు. అత్తగారు మాత్రం తొణకలేదు.

"మేకలు మనలాంటివే. మాంసం ముట్టవు. మిగిలింది కూడా వండెయ్," అన్నారు.

అలా ఆ ఊరి తిండి మా ఇంట్లోకి మేకల దారిన వచ్చింది.

గ్యాసు అయిపోయి, కొత్త సిలిండరు వానకి రాక ఆలస్యమైన రోజు మా ఇంటిల్లిపాదీ అరటిపళ్ళూ బిస్కెట్లతో గడిపాం. మధ్యాహ్నం నేను సిలిండరు బండి కోసం కింద హోటలు అరుగు మీద కూర్చున్నాను. లోపల్నుంచి వేడి అన్నం వాసన వస్తోంది. వడ్డించే అమ్మాయి పలకరించింది.

"తింటారా అమ్మా?"

"మాంసం లేనిది ఏముంది?"

ఆ అమ్మాయి గిన్నెలోంచి కూర గరిటెతో తీసి, ముక్కలు ఒక్కొక్కటే ఏరి పక్కన పెట్టి, మిగిలిన బంగాళాదుంపలూ పులుసూ నా ముందు పెట్టింది. "ఇప్పుడు లేదు," అంది.

కింది ఇంటావిడ లోపల్నుంచి చూసి, "ఓసి నీ తెలివి తెల్లారినట్టే ఉంది!" అని నవ్వి కంచం తీసేసింది. నన్ను లోపలికి రమ్మంది. వంటింటి చివర, వెనక తలుపు పక్కన, చిన్న పొయ్యి. దాని మీద గూట్లో రెండు గిన్నెలు, ఒక మూకుడు, ఒక గరిటె. గరిటె కాడకి ఎర్ర గుడ్డపీలిక చుట్టి ఉంది. పక్కనే పీట మీద వాళ్ళమ్మ, ఎండు పుట్టగొడుగులు నీళ్ళలోంచి తీసి పిండుతోంది.

"మా అమ్మ మాంసం తినదు. ఆ వాసనంటే గిట్టదు. ముప్పొద్దులా అదే వండే ఇంట్లో పుట్టి, అదే అమ్మే ఇంట్లో ఉంటూ తినదు. ఆ గరిటె ఇంకొకరు ముట్టుకుంటే కాల్చుకు తింటుంది మమ్మల్ని."

"నిన్ను తినను. నువ్వూ మాంసమేగా," అంది పెద్దమ్మ. నోట్లో ఒక్క పన్ను లేదు.

ఆవిడ నాకు కంచంలో అన్నం పెట్టి, ఊదా రంగు దుంపని నిప్పుల్లో కాల్చి, పొట్టు తీసి, పుల్ల కాయలతో నూరి ఇంత వేసింది. పక్కన పుట్టగొడుగుల కూర. నేను ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నాను.

అందులో ఏమేం వేశారో నాకు తెలియలేదు. వేగిందా, మాడిందా, ఉప్పు వేశానా అని నేను ఆలోచించుకోవాల్సిన పని లేదు. ఎవరో వండారు, నేను తింటున్నాను. పెళ్ళయ్యాక మా పుట్టింట్లో తప్ప అలా తిన్నట్టు గుర్తులేదు. కొంగుతో మొహం తుడుచుకున్నాను. పెద్దమ్మ కారం ఎక్కువైందేమో అనుకుని నీళ్ళిచ్చింది.

ఆ తరువాత రోజూ క్యారియరు ఇచ్చి వస్తూ పెద్దమ్మ దగ్గర కాసేపు కూర్చునేదాన్ని. అక్కడే ఒక ముద్ద తినేదాన్ని. ఏ దుంప తొక్కతో కాల్చాలో, ఏ ఆకు కాడ తిని ఆకు పారెయ్యాలో, ఏ గింజలు నానబెట్టి రుబ్బి గుడ్డలో మూటకట్టి ఆవిరి మీద ఉడికిస్తే మెత్తగా దూదిలా వస్తాయో ఆవిడ చెప్పేది. ఆ ఊళ్ళో దేన్నయినా ఎముకల నీళ్ళతోనే ఉడికిస్తారనీ, అందుకని కూరగాయల పులుసు అని చెప్పినా నమ్మకూడదనీ, "నీళ్ళేం పోశారు?" అని ముందు అడగాలనీ కూడా చెప్పింది. బజారులో ఒకరిద్దరు ముసలమ్మలు అలా విడిగా వండుకునేవాళ్ళున్నారట. నిరుడు మావారికి ఇలాంటి గూడు ఒకటి చూపించేవాళ్ళుంటే అనుకున్నాను.

పైన మెట్లకింద మాత్రం ఏదీ మారలేదు. అదే వంగడం, అదే ఆవిరి. రోజులు లెక్కపెట్టుకోవడం మొదలుపెట్టాను. బాయిలరు బిగింపు అయిపోతోందని తెలుస్తూనే ఉంది. మావారి చొక్కాలకి మసి తగ్గుతోంది.

ఒక సాయంత్రం ఆయన హుషారుగా వచ్చారు. కాళ్ళు కడుక్కోకుండానే కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"కంపెనీవాళ్ళు ఈ వైపు మిల్లులన్నీ నాకే ఇచ్చారు. ఒకటయ్యాక ఒకటి. వానాకాలం, ఎండాకాలం అని లేదు. ఇంక ఏడాది పొడుగూ పనే."

"మరి మన ఇల్లో?" అన్నాను.

"అద్దెకిచ్చేద్దాం. మనం ఎక్కడుంటే అదే ఇల్లు. ఇక్కడ చూడు, ఎంత హాయిగా గడిచిపోయిందో. నా కడుపు ఒక్కరోజు నొప్పి పెట్టిందా?"

"చల్లని మాట చెప్పావురా," అన్నారు అత్తగారు. "పెట్టె ఉంటే ఏ ఊరైతేనేం."

పెట్టె అంటే మా వంటపెట్టె. పొయ్యి, గిన్నెలు, డబ్బాలు అన్నీ ఒద్దికగా పట్టేలా మావారే స్వయంగా అరలు చేయించిన రేకు పెట్టె. నేను దాని వంక చూశాను. చిన్ని నా వంక చూసింది. పాలు పొంగుతున్నాయని లేచి వెళ్ళాను. పాలు పొంగడం లేదు. మెట్టు కింద వంగి చాలాసేపు నిలబడ్డాను.

ఆ వారమే నాకు జ్వరం పట్టుకుంది. వానలో తిరిగినందువల్ల అన్నారు డాక్టరు. లేవకూడదన్నారు. తాడు మీద తడిచీరల కింద మంచమేసి పడుకోబెట్టారు. కళ్ళు మూసుకుంటే గదులు తిరుగుతున్నాయి.

వంట ఎవరు చెయ్యాలన్న మాటే రాలేదు. "చిన్నీ, లే," అన్నారు అత్తగారు. అంతే. చిన్ని పుస్తకం మూసి లేచింది.

మంచం మీంచి నాకు వంటసందు కనపడేది కాదు. వినపడేది. "నానమ్మా, పప్పుకి నీళ్ళెన్ని?" "అమ్మా, ఇది మాడుతోందా?" "నానమ్మా, ఆవాలు ఎప్పుడెయ్యాలి?" అత్తగారు కుర్చీలోంచే అన్నిటికీ జవాబు చెప్పేవారు. ఆవిడ మంచి గురువు. నాకూ ఆవిడే నేర్పారు.

నెమ్మదిగా ప్రశ్నలు తగ్గాయి. తర్వాత పూర్తిగా ఆగిపోయాయి. గిన్నె దించిన చప్పుడు, మూత పెట్టిన చప్పుడు, గరిటె అంచుకి కొట్టిన చప్పుడు మాత్రమే. నేను వండుతుంటే వచ్చే చప్పుళ్ళే. జ్వరం మత్తులో ఒకసారి, నేను అక్కడే పొయ్యి దగ్గరున్నాననీ, మంచం మీద పడుకున్నది ఎవరో అనీ అనిపించింది.

"అచ్చం మీ అమ్మ చేతి వంటే," అన్నారు మావారు, అన్నం తింటూ. చిన్ని సిగ్గుపడి నవ్వడం వినిపించింది. పుస్తకాల మీద తడిబట్టల నీళ్ళు కారి అట్టలు ఉబ్బాయి. వాటినెవరూ జరపలేదు.

మధ్యాహ్నం కింది ఇంటావిడ మూతపెట్టిన గిన్నె పట్టుకుని మెట్లెక్కి వచ్చింది.

"చెల్లికి మా అమ్మ పంపింది. పథ్యం."

అత్తగారు కుర్చీలోంచి లేవకుండానే, "వద్దమ్మా, ఏమనుకోకు. మేం బయటివి తినం," అన్నారు.

"మాంసం లేదండీ. మా అమ్మదే."

"ఉండదనుకో. ఏ గరిటె దేంట్లో పెట్టారో."

"మా అమ్మ గరిటె వేరేనండీ."

"అలాగే అంటారులే అందరూ."

కింది ఇంటావిడ మొహం ఎర్రబడింది. వెనక్కి తిరిగింది. నేను మోచేతి మీద లేచాను.

"అక్కా, ఇలా తే," అన్నాను. "అత్తయ్యా, నేను రోజూ అదే తింటున్నాను."

చిన్ని చేతిలో గరిటెతో వచ్చి గుమ్మంలో నిలబడింది. కింది ఇంటావిడ గిన్నె నా చేతిలో పెట్టి, చెంచా ఇచ్చి, గబగబా దిగిపోయింది. నేను ఆ జావ తాగాను. మొత్తం.

అత్తగారు ఆ రోజంతా నాతో మాట్లాడలేదు. మర్నాడూ మాట్లాడలేదు. మావారు ఇద్దరి మధ్యా నలిగి, "జ్వరంలో ఏదో అంది లేమ్మా," అన్నారు. "జ్వరం రాకముందు తిన్నదిరా," అన్నారు ఆవిడ.

ఆ మర్నాడు వాన కాస్త తెరిపిచ్చింది. అత్తగారు చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని, గోడ పట్టుకుని, ఒక్కో మెట్టూ దిగి కిందికి వెళ్ళారు. ఆ ఊరొచ్చాక ఆవిడ మెట్లు దిగడం అదే మొదటిసారి. పోట్లాడటానికే వెళ్ళారనుకుని చిన్ని వెనకాలే పరిగెత్తింది. ఆవిడ కసిరి పైకి పంపేశారు.

చాలాసేపటికి గానీ రాలేదు. వచ్చి కుర్చీలో కూర్చుని, ఆయాసం తగ్గేదాకా కొంగుతో విసురుకున్నారు.

"ఆవిడకి పళ్ళు లేవు," అన్నారు చివరికి. "పళ్ళు లేనివాళ్ళు అబద్ధం చెప్తే మాట నమలడం కుదరదు. తెలిసిపోతుంది."

"ఏమందమ్మా?" అన్నారు మావారు.

"ఏమంటుంది. గరిటె చూపించింది. నలభై ఏళ్ళ కిందటిదట." గోడవైపు చూస్తూ అన్నారు: "ఉప్పు తక్కువ వేస్తుంది."

మావారికి ఆ మాట అర్థం కాలేదు. నాకూ చిన్నికీ అర్థమైంది. చిన్ని నోరు తెరవబోతుంటే నేను కళ్ళతోనే ఆపాను. ఆవిడ ఆ తరువాత నాతో మాట్లాడటం మొదలుపెట్టారు, మధ్యలో ఏమీ జరగనట్టు.

నేను లేచి తిరగగలిగే వేళకి బాయిలరు రాజుకుంది. మిల్లు కూత మళ్ళీ వినిపించింది. గదుల్లో సామాను మూటలవుతోంది. బయల్దేరే ముందు రోజు మిల్లుకి సెలవిచ్చారని మావారు మధ్యాహ్నం ఇంట్లోనే ఉన్నారు. ముగ్గురూ నేల మీద కూర్చున్నారు. నేను వడ్డిస్తున్నాను.

"నీకో సంగతి చెప్పలేదు," అన్నారు ఆయన నాతో. మొహం వెలిగిపోతోంది. "ఇప్పుడు వెళ్ళే ఊళ్ళో వంటిల్లు పెద్దది. నిటారుగా నిలబడొచ్చట. కిటికీ కూడా ఉందట, తోటవైపు. నీకోసమని మరీ మరీ అడిగి పెట్టించుకున్నాను."

ఆయన నిజంగానే అడిగి ఉంటారు. నా మెడ నొప్పి చూసి, ఎవరినో పట్టుకుని, సిగ్గు విడిచి అడిగి ఉంటారు. ఆ కిటికీ నాకు కనిపించింది. దాని ముందు నిలబడి వండుతున్న మనిషి వీపు కనిపించింది.

ఆయన కంచంలో అన్నం వేసి, గిన్నె మధ్యలో పెట్టి, నేనూ కూర్చున్నాను. నా కంచం ముందుకు లాక్కున్నాను.

"అక్కడ నేను వండనండీ," అన్నాను.

ఆయన కలుపుతున్న చెయ్యి ఆగింది. "ఒంట్లో ఇంకా నలతగా ఉందా?"

"లేదు. బాగానే ఉంది."

"మరి?"

"మీతో వస్తాను. మిమ్మల్ని ఒక్కరినీ పంపను. ఊరు చేరగానే మనం తినగలిగింది ఎక్కడుందో నేను వెతుకుతాను. నీళ్ళేం పోశారో అడుగుతాను, గరిటె చూస్తాను, ముందు నేను తిని చూస్తాను. మీ కడుపుకి పడేదే చూస్తాను. రోజూ అందరం అక్కడికెళ్ళి తిందాం."

"రోజూనా?"

"రోజూ."

ఆయన వాళ్ళమ్మ వైపు చూశారు. అత్తగారు మజ్జిగ గ్లాసు కింద పెట్టి, పెదాలు కొంగుతో తుడుచుకున్నారు. ఆవిడ గొంతులో కోపం లేదు. కష్టానికి ఒక దారి చూపిస్తున్నట్టే అన్నారు.

"పోనీలేరా, ఓపిక లేదేమో. చిన్ని ఉందిగా. నాలుగు మెతుకులు అదే ఉడికిస్తుంది. చెయ్యి తిరిగింది దానికి."

చిన్ని తల వంచుకుని అన్నం కెలుకుతోంది. చూపుడువేలి మీద కత్తి గాటు ఇంకా మానలేదు.

"చిన్ని కూడా వండదు," అన్నాను.